ఆ ముగ్గురూ అక్కచెల్లెళ్ళేనా?

మనవాళ్ళెవరైనా ఢిల్లీలోనో, లక్నోలోనో కాపురం పెడితే మొట్టమొదట తెలిసే సంగతి తాము 'మద్రాసీ'లమని. తెలుగువాళ్ళు కానీండి, కన్నడంవాళ్ళు కానీండి, మలయాళీలు కానీండి, వింధ్యకి దిగువనుంచి వచ్చినవాళ్ళందరికీ అక్కడ ఒకటే పేరు. "మా భాష వేరండీ, మా వంట వేరండీ" అని పక్కింటావిడకి ఎంత చెప్పినా, "అవునవును, మీ మద్రాసీల సాంబారు బావుంటుంది" అంటుంది. ఈమధ్య కాస్త తగ్గిందిగానీ పూర్తిగా పోలేదు.

యూరప్ ఖండంలో ఉత్తరాన మూడు చిన్న దేశాలకి సరిగ్గా ఇదే గతి. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా. ఈ మూడు పేర్లనీ ఎవరూ విడివిడిగా పలకరు. 'బాల్టిక్ దేశాలు' అని మూట కట్టేసి ఒక్కసారే అనేస్తారు. మా చిన్నప్పటి స్కూలు అట్లాసులో అయితే ఆ మాత్రం పేరు కూడా లేదు. సోవియట్ యూనియన్ అనే ఒకే పెద్ద రంగులో మూడూ కలిసిపోయి, సన్నటి గీతలుగా మిగిలాయి. నేను హైస్కూల్లో వుండగానే 1991లో ఆ గీతలు సరిహద్దులయ్యాయి. అప్పటినుంచీ నాకొక కుతూహలం. వీళ్ళు నిజంగా అక్కచెల్లెళ్ళేనా, లేక బయటివాళ్ళు కట్టిపెట్టిన చుట్టరికమా?

ముందు పటం చూద్దాం. బాల్టిక్ సముద్రం తూర్పు ఒడ్డున మూడు గిన్నెల టిఫిన్ క్యారియరులా పేర్చి వుంటాయి ఈ దేశాలు. పై గిన్నె ఎస్టోనియా, నడిమిది లాత్వియా, కింద లిథువేనియా. మూడూ కలిపినా వైశాల్యం సుమారు 1,75,000 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త ఎక్కువంతే. జనాభా మూడింటికీ కలిపి 60 లక్షల పైచిలుకు. మన హైదరాబాదు ఒక్క వూళ్ళోనే అంతకంటే ఎక్కువమందిమి వున్నాం. తూర్పున రష్యా, బెలారస్. దక్షిణాన పోలండ్. పడమట సముద్రం, దాని ఆవలి ఒడ్డున స్వీడన్.

కొండలున్నాయా అంటే, వున్నాయి పాపం. మూడు దేశాల్లోనూ అన్నిటికన్నా ఎత్తయిన కొండ ఎస్టోనియాలో వుంది. 318 మీటర్లు. మన తిరుమల కొండ ఎత్తులో సగం కూడా లేదు. దాని పేరు 'సూర్ మునమాగి', అంటే పెద్ద గుడ్డుకొండ. మిగతాదంతా చదును. పైన్ అడవులు, సరస్సులు, చిత్తడి నేలలు, రై పండే పొలాలు. లాత్వియా మధ్యనుంచి దౌగవ నది, లిథువేనియాలోంచి నెమునాస్ నది పారి సముద్రంలో కలుస్తాయి. తుఫాను వచ్చి వెళ్ళిన మర్నాడు లిథువేనియా ఇసుక తీరాన తేనెరంగు రాళ్ళు కొట్టుకొస్తాయి. అవి రాళ్ళు కావు, కోట్ల ఏళ్ళనాటి చెట్ల జిగురు గట్టిపడిన ఆంబర్ ముక్కలు. వాటికోసం రోము సామ్రాజ్యం నాడే అంతదూరం వర్తకం సాగింది.

అందంగానే వుంది కదా. కానీ ప్రహరీ గోడ లేని ఇల్లు ఎంత అందంగా వుంటే మాత్రం ఏం లాభం? ఒక పర్వతం అడ్డం లేదు, ఒక ఎడారి అడ్డం లేదు. పైగా సముద్రపు ఒడ్డున మంచి రేవులున్నాయి. అందుకని వచ్చే పోయే సైన్యాలన్నిటికీ అదే దారి అయింది. 13వ శతాబ్దంలో శిలువ గుర్తు వేసుకుని జర్మన్ వీరులొచ్చారు. డేన్లు వచ్చారు. ఎస్టోనియా రాజధాని టాలిన్ పేరుకి 'డేన్ల కోట' అనే అర్థం చెబుతారు. తమ రాజధానికి తమను జయించినవాడి పేరన్నమాట! ఆ తర్వాత పోలండు వాళ్ళు, స్వీడన్ వాళ్ళు, చివరికి రష్యా జారు చక్రవర్తులు.

ఇన్ని ఏళ్ళు పక్కపక్కన బతికారు కాబట్టి ఒకేలా వుంటారనుకుంటాం. అక్కడే తమాషా. లిథువేనియన్లకి ఒకప్పుడు సొంత మహారాజ్యం వుండేది. 15వ శతాబ్దం మొదట్లో వైతౌతస్ పాలించే రోజుల్లో అది నల్లసముద్రం దాకా వ్యాపించింది. యూరప్‌లో అందరికన్నా ఆఖరున, 1387లో, క్రైస్తవం పుచ్చుకున్న రాజ్యం కూడా అదే. పోలండుతో కలిసి కేథలిక్కులయ్యారు. ఎస్టోనియా, లాత్వియాలు మాత్రం శతాబ్దాల తరబడి జర్మన్ జమీందార్ల కింద కౌలుదార్లుగా, బానిసల్లాంటి రైతులుగా బతికాయి. వాళ్ళది ప్రొటెస్టెంటు చర్చి. కింద గిన్నెలో రాజవంశపు జ్ఞాపకాలు, పై రెండు గిన్నెల్లో పాలేరు జ్ఞాపకాలు.

ఇక భాష సంగతి చెప్పకపోతే నాకు తోచదు. లాత్వియన్, లిథువేనియన్ దగ్గర చుట్టాలు. లిథువేనియన్ ఎంత పాతకాలపు భాషంటే, సంస్కృతంతో పోల్చి చూడడానికి భాషా పండితులు దానివెంట పడతారు. కొడుకు 'సూనుస్', నిప్పు 'ఉగ్నిస్', పొగ 'దూమస్', మగవాడు 'వీరస్', తేనె 'మెదుస్', రాత్రి 'నక్తిస్'. సూనుడు, అగ్ని, ధూమం, వీరుడు, మధువు, నక్తం అని మనకి పుస్తకాల్లో వున్న మాటలేగా! వాళ్ళ సామెతొకటి వుంది: "దియెవస్ దావె దాన్తిస్, దియెవస్ దువొస్ దువొనొస్." దేవుడు దంతాలిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు అని. నారు పోసినవాడు నీరు పోయడా అని మా అమ్మమ్మ అనేదే.

ఎస్టోనియన్ మాత్రం వీటికి ఏమీ కాదు. అది ఫిన్లండు వాళ్ళ ఫిన్నిష్‌కి చెల్లెలు. అసలు కుటుంబమే వేరు. దానిలో విభక్తులు 14. మాట చివర ప్రత్యయం తగిలించుకుంటూ పోవడమే, మనం ఇంట్లో, ఇంటికి, ఇంటినుంచి అంటామే అలాగ. ఆడా మగా తేడా లేకుండా ఆయనకీ ఆవిడకీ ఒకే సర్వనామం. మాటల కూర్పులో మన తెలుగు ఎస్టోనియన్‌లా వుందనీ, అరువు తెచ్చుకున్న మాటల్లో లిథువేనియన్‌కి చుట్టమనీ నేను సరదాకి అంటూ వుంటాను. మొత్తానికి టాలిన్ అమ్మాయీ, విల్నియస్ అమ్మాయీ ఎవరి భాషలో వారు మాట్లాడుకుంటే ఒక్క ముక్క అర్థం కాదు. ఒకప్పుడు రష్యన్‌లో, ఇప్పుడైతే ఎక్కువగా ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు.

ఆ 'బాల్టిక్' అనే పేరు కూడా నిలకడైనది కాదు. 19వ శతాబ్దంలో జారు సామ్రాజ్యంలో 'బాల్టిక్ రాష్ట్రాలు' అంటే జర్మన్ జమీందార్లున్న ఎస్టోనియా, లాత్వియా ప్రాంతాలు. లిథువేనియా లేదు. భాషావేత్తలు 'బాల్టిక్ భాషలు' అంటే లాత్వియన్, లిథువేనియన్. ఎస్టోనియన్ లేదు. రెండు లెక్కల్లోనూ వున్నది మధ్య గిన్నె లాత్వియా ఒక్కటే! మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కొన్నాళ్ళు ఫిన్లండుని కూడా బాల్టిక్ దేశం కిందే జమకట్టేవారు. తర్వాత అది ఆ జాబితాలోంచి మెల్లిగా తప్పుకుంది.

కానీ ఈ మూడు చోట్లా ఒకే రకంగా వినిపించేది ఒకటి వుంది. పాట.

జమీందార్ల పొలాల్లో పనిచేసిన లాత్వియా ఆడవాళ్ళు పాడుకున్నవి నాలుగేసి పాదాల చిన్న చిన్న పాటలు. 'దైనాలు' అంటారు. పుట్టుక, పెళ్ళి, అత్తగారు, ఆవు, తిరగలి, తల్లిలేని పిల్ల, చావు, అన్నిటికీ వాటిలో చోటుంది. మన దంపుళ్ళ పాటలూ, తిరగటి పాటలూ గుర్తొస్తాయి. క్రిష్యానిస్ బారన్స్ అనే ఆయన మాస్కోలో ఒక ఇంట్లో పిల్లలకి చదువు చెప్పుకుంటూ, వూళ్ళనుంచి ఉత్తరాల్లో వచ్చిన ఈ పాటల్ని చిన్న చిన్న చీటీలమీద రాసి సర్దాడు. 1880లో ప్రత్యేకంగా ఒక బీరువా చేయించుకున్నాడు. 70 సొరుగులు, ఒక్కో సొరుగులో 20 అరలు. పోపులపెట్టెలాంటి ఆ బీరువాలోంచి 1894 నుంచి 1915 దాకా సంపుటాలు వెలువడ్డాయి. సుమారు 2,18,000 పాటలు. ఆ బీరువా ఇప్పుడు రిగాలో వుంది. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి సంపదలో చేర్చింది. పాడిన ఆడవాళ్ళలో చాలామంది పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

లిథువేనియాలో ఇంకో కథ. 1864 నుంచి 1904 దాకా, నలభై ఏళ్ళు, లాటిన్ లిపిలో లిథువేనియన్ అచ్చు వెయ్యడాన్ని జారు ప్రభుత్వం నిషేధించింది. పుస్తకాలు సరిహద్దు అవతల ప్రష్యాలో అచ్చయి, రాత్రుళ్ళు జనం వీపులమీద మూటలుగా దాటి వచ్చేవి. పట్టుబడితే సైబీరియా. స్కూళ్ళలో రష్యన్. మరి పిల్లలకి సొంత అక్షరాలెవరు నేర్పారు? తల్లులు. రాట్నం తిప్పుతూ, పక్కన పిల్లవాణ్ణి కూచోబెట్టుకుని, దాచిన పుస్తకం తీసి అక్షరం మీద వేలు పెట్టి చెప్పారు. పేత్రాస్ రిమ్షా అనే శిల్పి 1906లో ఆ తల్లినీ, రాట్నాన్నీ, పిల్లవాణ్ణీ శిల్పంగా మలిచాడు. వాళ్ళ దేశంలో దాని బొమ్మ తెలియనివాళ్ళుండరు. దేశమాత అంటే కత్తో, సింహమో వుండాలని ఎక్కడుంది?

ఎస్టోనియావాళ్ళు 1869లో తార్తు వూళ్ళో మొదటి పాటల పండగ చేశారు. వందల గొంతులు కలిసి ఒకే పాట పాడడం. 1873లో రిగాలో లాత్వియావాళ్ళు, 1924లో కౌనాస్‌లో లిథువేనియా వాళ్ళు అదే పని చేశారు. ఎస్టోనియా మొదటి పండగలో లిడియా కోయిదులా అనే యువకవయిత్రి రాసిన పాటలు పాడారు. తమాషా ఏమిటంటే వేదిక మీద పాడినవాళ్ళంతా మగవాళ్ళే! పాట రాయడానికి ఆడదాన్ని ఒప్పుకున్నారు గానీ పాడడానికి ఇంకా ఒప్పుకోలేదన్నమాట.

1918లో మూడు దేశాలూ స్వతంత్రమయ్యాయి. ఇరవై ఏళ్ళు బాగానే నడిచాయి. 1934లో మూడూ కలిసి ఒక మైత్రీ ఒప్పందం రాసుకున్నాయి కూడా. కానీ అది కాగితం చుట్టరికమే అయింది. 1939 ఆగస్టు 23న మాస్కోలో హిట్లర్ మంత్రీ, స్టాలిన్ మంత్రీ చేతులు కలిపి, ఒక రహస్య పత్రంలో ఈ భూముల్ని పంచుకున్నారు. ఆ తర్వాత స్టాలిన్ ఒక్కొక్కరినీ విడిగా పిలిచాడు. మీ దేశంలో మా సైన్యాలు వుంటాయి, సంతకం పెట్టండి అన్నాడు. సెప్టెంబర్ 28న ఎస్టోనియా పెట్టింది. అక్టోబర్ 5న లాత్వియా పెట్టింది. అక్టోబర్ 10న లిథువేనియా పెట్టింది. ముగ్గురూ ఒక గదిలో కూచుని, పెడదామా వద్దా అని మాట్లాడుకున్నది లేదు. మాట్లాడుకున్నా ఆపగలిగేవారు కారేమో. అయినా ఆ మూడు తేదీలు పక్కపక్కన చదువుతుంటే నాకు కడుపులో ఏదో మెలిపెట్టినట్టవుతుంది. ఏడాది తిరక్కుండా 1940 జూన్‌లో మూడింటినీ సోవియట్ సైన్యం ఆక్రమించింది.

1941లో జర్మన్లు వచ్చారు. 'ఉత్తరాది జెరూసలేం' అని పేరుపడ్డ విల్నియస్‌లో, మొత్తం లిథువేనియాలో, యూదుల్లో నూటికి తొంభై మందిని చంపేశారు. చంపినవాళ్ళలో స్థానికులూ వున్నారు. తమ దుఃఖం చెప్పుకునేటప్పుడు ఈ దేశాలు ఈ సంగతి కూడా చెప్పుకోవాలి. చాలాకాలం సరిగ్గా చెప్పుకోలేదు.

యుద్ధం చివర్లో సోవియట్లు మళ్ళీ వచ్చారు. 1949 మార్చి 25 తెల్లవారుజామున మూడు దేశాల్లోనూ ఒకేసారి తలుపులు తట్టారు. నాలుగు రోజుల్లో 90,000 మందికి పైగా జనాన్ని పశువుల పెట్టెల్లాంటి రైళ్ళలో ఎక్కించి సైబీరియాకి పంపేశారు. వాళ్ళలో నూటికి డెబ్భై మందికి మించి ఆడవాళ్ళూ, పదహారేళ్ళు నిండని పిల్లలూ. మగవాళ్ళు చాలామంది అప్పటికే చనిపోయారు, లేదా జైళ్ళలో, అడవుల్లో వున్నారు. సామాన్లు సర్దుకోడానికి ఇచ్చిన ఆ కాస్త వ్యవధిలో ఏం తీసుకోవాలి? దుప్పటా, బియ్యంలాంటి ధాన్యమా, కుట్టుమిషనా, ఫొటోలా? ఇది ఏ ఇల్లాలయినా తన ఇంటి మధ్యలో నిలబడి ఒక్కసారి వూహించుకోవచ్చు. టాలిన్‌లో తట్టిన తలుపూ, విల్నియస్‌లో తట్టిన తలుపూ ఆ రోజు ఒకటే. భాష, మతం, చరిత్ర ఇవ్వని చుట్టరికం వాళ్ళకి అక్కడినుంచి వచ్చిందని నా అభిప్రాయం. పుట్టుకతో అక్కచెల్లెళ్ళు కారు. ఒకే రైలెక్కి అయ్యారు.

తర్వాత రష్యానుంచి ఫ్యాక్టరీలకి జనాన్ని తెచ్చారు. 1989 జనాభా లెక్కల నాటికి లాత్వియాలో లాత్వియన్లు నూటికి 52 మంది. తమ ఇంట్లో తామే సగం. ఇంకొన్నేళ్ళలో తమ భాష వంటింటికే మిగులుతుందేమోనన్న భయం వాళ్ళది.

రిగా నడిబొడ్డున 1935లో కట్టిన స్వాతంత్ర్య స్తంభం వుంది. 42 మీటర్ల ఎత్తు. దానిమీద ఒక స్త్రీ మూడు నక్షత్రాలు రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడింది. జనం ఆవిణ్ణి ముద్దుగా 'మిల్దా' అంటారు. ఆ మూడు నక్షత్రాలూ లాత్వియాలోని మూడు ప్రాంతాలు. సోవియట్ రోజుల్లో దీన్ని కూల్చకుండా అర్థం మార్చేశారు. ఆ స్త్రీ రష్యా తల్లి, ఆ నక్షత్రాలు ఆవిడ ఎత్తుకున్న మూడు బాల్టిక్ రిపబ్లిక్కులు అని చెప్పేవారు! అక్కచెల్లెళ్ళని చేసినవాళ్ళు తల్లిని కూడా వాళ్ళే సరఫరా చేశారు. ఆ స్తంభం దగ్గర పువ్వు పెడితే సైబీరియాకి టిక్కెట్టు దొరుకుతుందని రిగా జనం జోకు. 1987 జూన్ 14న కొందరు ధైర్యం చేసి పూలు పెట్టారు.

అదే సమయంలో మూడు దేశాల్లోనూ మళ్ళీ పాట మొదలైంది. తుపాకులు లేవు. టాలిన్ పాటల మైదానంలో 1988లో రాత్రులకి రాత్రులు లక్షల మంది నిషేధించిన పాటలు పాడారు. ఈ కదలికకి 'పాటల విప్లవం' అనే పేరు అలా వచ్చింది. మూడు భాషల్లోనూ పాడుకునేలా కొత్తగా ఒక పాట కట్టారు. అందులో మూడు దేశాల్నీ అక్కచెల్లెళ్ళుగానే చెప్పారు. ఈసారి ఆ మాట అన్నది వాళ్ళంతట వాళ్ళే.

ఇక 1989 ఆగస్టు 23. ఆ రహస్య పత్రానికి సరిగ్గా యాభై ఏళ్ళు. ఆ సాయంత్రం ఏడు గంటలకి టాలిన్ కోటనుంచి రిగా మీదుగా విల్నియస్ కోట దాకా జనం రోడ్డు పొడుగునా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. 600 కిలోమీటర్ల పైమాట. హైదరాబాదునుంచి విశాఖపట్నం దాకా అనుకోండి, మధ్యలో ఎక్కడా తెగకుండా! సుమారు 20 లక్షల మంది. అప్పటి మూడు దేశాల జనాభా మొత్తం 80 లక్షలు, అంటే నలుగురిలో ఒకరు. సెల్‌ఫోన్లు లేని రోజులు. ఏ వూరివాళ్ళు ఏ మైలురాయి దగ్గర నిలబడాలో ముందే పంచుకున్నారు. బస్సులు వేశారు. ట్రాన్సిస్టర్ రేడియోలు పట్టుకుని, అందులో చెప్పగానే చేతులు కలిపారు. ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, నల్ల రిబ్బన్లు, కొవ్వొత్తులు. రోడ్లు కిక్కిరిసి, అనుకున్న చోటికి చేరలేనివాళ్ళు ఎక్కడ బస్సు ఆగితే అక్కడే దిగి చేతులు పట్టుకున్నారు. పావుగంట సేపు అలా నిలబడి, ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఎస్టోనియా, లాత్వియా సరిహద్దు దగ్గర ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరు పక్కపక్కన నిలబడే వుంటారు కదా. పావుగంట సేపు ఏం మాట్లాడుకుని వుంటారు? నేను రాసే నవలల్లో అయితే ఆ ఇద్దరి చేత ఏదో ఒకటి అనిపించేదాన్ని. ఏమీ అనకుండా వుండడమే నయమని తోస్తుంది.

ఆ ఏడాది డిసెంబరులో మాస్కో ఆ రహస్య పత్రం వుందని ఒప్పుకుంది. 1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించింది. 1991 జనవరిలో విల్నియస్ టీవీ టవర్ దగ్గర టాంకులకి ఎదురు నిలబడ్డ జనంలో పదముగ్గురికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ సెప్టెంబరులో మూడు దేశాలూ ఒకే రోజున ఐక్యరాజ్యసమితిలో చేరాయి.

అలా గెలిచాక ఇక ఎప్పటికీ కలిసే వున్నారా అంటే, అక్కచెల్లెళ్ళన్నాక ఎవరి సంసారం వారిది. 1999లో ఎస్టోనియా విదేశాంగ మంత్రిగా వున్న తూమస్ హెండ్రిక్ ఇల్వెస్, మేము ఫిన్లండు, స్వీడన్ల వరసలోకి వస్తాము, మమ్మల్ని ఆ బాల్టిక్ మూటలో కట్టకండి అని వాదించాడు. ఢిల్లీలో "మేము మద్రాసీలం కామండీ" అన్నట్టే. యూరో నాణెం కూడా మూడూ ఒకేసారి తీసుకోలేదు. 2011లో ఎస్టోనియా, 2014లో లాత్వియా, 2015లో లిథువేనియా. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడ్డ రష్యన్లకి లాత్వియా, ఎస్టోనియాలు పౌరసత్వం వూరికే ఇవ్వలేదు. భాష నేర్చుకుని పరీక్ష రాయమన్నాయి. లిథువేనియా మాత్రం అక్కడ కాపురమున్న అందరికీ ఇచ్చింది. రిగాలోనే పుట్టి పెరిగి, ఇంట్లో రష్యన్ మాట్లాడే ఇల్లాలికి ఆ చేయీ చేయీ గొలుసులో చోటుందా లేదా అనే ప్రశ్న ఇంకా తెమల్లేదు. భాషకోసం అంత భయపడ్డవాళ్ళ కఠినత్వం నాకు అర్థమవుతుంది. ఆ ఇల్లాలి బాధ కూడా అర్థమవుతుంది.

అయినా కొన్ని మూడిళ్ళలోనూ ఒకటే. జూన్ 23 రాత్రి మూడు దేశాల్లోనూ మంటలు వేసి, ఆడవాళ్ళు తలలకి పూల దండలు చుట్టుకుని, తెల్లవార్లూ మేలుకుంటారు. ఆ వేళప్పుడు అక్కడ చీకటి పడేది కాసేపే. నల్లటి రై రొట్టె కిందపడితే తీసి ముద్దు పెట్టుకుని మళ్ళీ బల్లమీద పెట్టడం పాత ఆచారం. అన్నం మెతుకు కళ్ళకద్దుకునే మనకి దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ మధ్య జరిగిన సంగతొకటి చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా మూడు దేశాల కరెంటు తీగలు రష్యా వ్యవస్థతోనే కలిసి నడిచేవి. మీట మాస్కో చేతిలో. 2025 ఫిబ్రవరి 8 ఉదయం మూడూ ఒకేసారి ఆ తీగల్ని తెంచేసుకున్నాయి. మర్నాడు మధ్యాహ్నం పోలండు మీదుగా యూరప్ గ్రిడ్‌తో కలిశాయి. మధ్యలో ఒక పగలూ ఒక రాత్రీ, సముద్రం అడుగు కేబుళ్ళ సాయం కొంత వున్నా, అటు రష్యాతోనూ ఇటు యూరప్‌తోనూ జత కలవకుండా, ఆ మూడు దేశాల గ్రిడ్డూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. దుకాణాల్లో కొందరు ముందుజాగ్రత్తగా బ్యాటరీలూ, కొవ్వొత్తులూ కొనిపెట్టుకున్నారు. గడ్డకట్టే చలి. దీపాలు ఆరలేదు.